పెట్టె మీద బొట్టు

ఢిల్లీలో మేం ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా ముందుగది షోకేసులో ఒక విదేశీ బొమ్మ ఉండేది... అట్టపెట్టెలోనే. నాకప్పుడు పదేళ్లు. బొమ్మ నాది. పెట్టె మాత్రం అమ్మది.

మస్కట్‌లో నర్సుగా పనిచేసే మా పిన్ని తెచ్చింది. నీలం గౌను, నడుం దాకా బంగారు రంగు జుట్టు. పెట్టెకి ముందువైపు పల్చటి ప్లాస్టిక్ అద్దం. నేను ఆ అద్దం మీద వేలు పెట్టి, లోపలున్న జుట్టు దువ్వుతున్నట్టు గీస్తూ ఉండేదాన్ని.

"తీస్తే ఈ ఢిల్లీ దుమ్ముకి వారంలో మసిగుడ్డలా అవుతుంది. పెద్దయ్యాక తీద్దువుగాని," అనేది అమ్మ.

ఎంత పెద్దయ్యాక అని అడిగితే, "నాకు ఎదురు చెప్పనంత," అనేది.

అమ్మ ఆ పెట్టెను చూసుకునే పద్ధతి వేరు... శుక్రవారం తడిగుడ్డతో తుడిచేది. వానాకాలం వస్తే ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య పెట్టేది. దసరాకి బయటికి తీసి బొమ్మల కొలువులో మట్టి బొమ్మల పక్కన కూర్చోబెట్టేది. బయట రాంలీలా మైకులు మోగుతుంటే మా ఇంట్లో పేరంటం. కొలువులో ఉన్న ప్రతి బొమ్మకీ అమ్మ బొట్టు పెట్టేది. ఈ బొమ్మ నుదురు లోపల ఉండిపోయింది కాబట్టి పెట్టెకే పెట్టేది... తడి పసుపు రాసి, మధ్యలో కుంకుమ.

ఒక దసరాకి పై అంతస్తు ఖన్నా ఆంటీ పేరంటానికి వస్తూ అంకుల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆయన పాత బొమ్మలు కొని, దాచి, మంచి ధర వచ్చినప్పుడు అమ్మే మనిషి. గుమ్మంలోంచే మా పెట్టెను చూశారు.

"బహన్‌జీ, సీలు విప్పనే లేదా? ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు నాకు చెప్పండి," అన్నారు హిందీలో.

అమ్మ నవ్వి, ఆయన చేతిలో కూడా ఒక శనగల పొట్లం పెట్టింది.

తర్వాతి ఎండాకాలం మా కూలర్ అడుగు తుప్పుపట్టి ఊడిపోయింది. నాన్న తారు పూసినా నీళ్లు గదిలోకే కారేవి. కొత్తది ఈ ఏడు కుదరదు అన్నారు నాన్న. అమ్మ షోకేసు వైపు చూసింది... నాకు అర్థమైంది.

ఆదివారం పొద్దున అంకుల్ వచ్చారు. చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, పెట్టెను కిటికీ వెలుగులో అన్ని వైపులా తిప్పి చూడటం మొదలుపెట్టారు. నేను తలుపు పక్కన నిలబడి, ఏదో ఒక వంక దొరకాలని కోరుకుంటున్నాను.

"ధర చీటీ ఎవరు గీకారు?"

"మా చెల్లెలండీ. ఒకరికిచ్చే వస్తువు మీద ధర ఉంచకూడదు కదా."

"చీటీతో పాటు అట్ట పైపొర కూడా లేచిపోయింది," అన్నారాయన దిగులుగా.

తడిగుడ్డకి మూలలు మెత్తబడ్డాయి. అద్దం మసకబారింది. మూత దగ్గర వాసన చూసి మొహం పక్కకి తిప్పేశారు. ఒక్కొక్కటి బయటపడుతుంటే అమ్మ మొహం చిన్నబోతోంది... నాకు మాత్రం ప్రాణం లేచొస్తోంది.

"బొమ్మ బ్రహ్మాండంగా ఉంది బహన్‌జీ. కానీ కొనేవాడు ముందు పెట్టె చూస్తాడు. పెట్టె కొత్తగా ఉంటే ఒక ధర. నలిగిందంటే అందులో సగం కూడా రాదు."

నాన్న పేపరు దించకుండానే తెలుగులో, "అంటే కొనేది అట్టపెట్టె... బొమ్మ కొసరన్నమాట," అన్నారు.

"మీరు పేపరు చదువుకోండి," అంది అమ్మ.

చివరికి అంకుల్ చెప్పిన ధర సగం కూలరుకి సరిపోతుంది. మిగతా సగం ఎలాగో చూసుకోవచ్చు అనుకుందేమో, అమ్మ సరేనన్నట్టు తలూపబోయింది.

అప్పుడాయన ముందువైపున్న పసుపు మీద వేలు పెట్టి, "యే దాగ్... ఈ మరకలు మాత్రం కిరోసిన్‌తో తుడిపించుకోవాలి," అన్నారు.

"దాగ్ నహీ, భాయ్‌సాబ్," అంది అమ్మ. కోపంలో ఆమెకి వచ్చిన హిందీ అక్కడికి అయిపోయింది. మిగతాది తెలుగులోనే అడిగేసింది. "మరకేంటండీ? బొట్టది! కొలువులో కూర్చున్న బొమ్మకి పెట్టిన బొట్టు కిరోసిన్ పోసి తుడుస్తారా ఎవరైనా?"

ఆయనకి మాటలు అర్థం కాలేదు... గొంతు అర్థమైంది. "అరె, గుస్సా మత్ హోయియే... కోపం వద్దు," అంటూ పెట్టెను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఇచ్చిన టీ తాగి పైకి వెళ్లిపోయారు.

అమ్మ కూరగాయల కత్తి తెచ్చి సీలు కోసేసింది. "ఇంద. ఇంక దాచి ఏం చేసుకోను?"

బొమ్మ మెడకీ చేతులకీ సన్నటి తీగ ముడులు. ఇద్దరం కలిసి విప్పాం. నేల మీద నిలబెడితే పడిపోయింది... ఇన్నాళ్లూ వెనకున్న అట్టే దాన్ని నిలబెట్టింది. జుట్టుకి కట్టిన రబ్బరు కరిగి అతుక్కుపోయింది. అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, బొమ్మను ఒళ్లో వేసుకుని, కొబ్బరినూనె రాసి ఆ రబ్బరంతా వేళ్లతో తీసింది.

నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. "ఉండవే, చిక్కు తీస్తున్నా," అంది. చిక్కు తీశాక జడ వేసింది. వేసిన జడ నచ్చలేదని విప్పి మళ్లీ వేసింది. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చేదాకా లేవలేదు. బొమ్మ నా చేతికి వచ్చింది అప్పుడే...

కూలర్ ఆ ఎండాకాలమంతా అలాగే కారింది.

ఇప్పుడు అట్టపెట్టె మూలలు నలగకుండా దానికి తొడగడానికి ఇంకో ప్లాస్టిక్ పెట్టె అమ్ముతున్నారు. మా ఇంట్లో మాత్రం మా అమ్మాయికి బొమ్మ కొన్న గంటలోపే అట్ట చెత్తబండి ఎక్కుతుంది. ఏది సరైన పద్ధతో నేనింకా తేల్చుకోలేదు...

మీ ఇంట్లోనూ విప్పకుండా దాచిన బొమ్మ ఒకటి ఉండేదా? విప్పిన రోజున దాన్ని ముందు ఒళ్లోకి తీసుకున్నది మీరేనా... మీ అమ్మా?