గోడ మీద మా ఆయన

మా ఆయన బతికుండగానే ఆయన చావును నేను కళ్లారా చూశాను. బొమ్మల్లో చూశాను. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే గుండెదడ ఆగదు. ఒళ్లు మండటం అసలే ఆగదు.

డెబ్బైల మొదట్లో మాట. గోదావరిఖనిలో మాది కొత్త కాపురం. మా ఆయన వ్యవసాయం చేసే ఇంట్లోంచి వచ్చి బొగ్గుబాయిలో చేరాడు. గనిని మా వైపు బాయి అనే అంటారు. పొద్దు పొడవకముందే మొదటి షిఫ్టుకు వెళ్లేవాడు. మధ్యాహ్నం దాటాక బాయి దగ్గరే స్నానం చేసి, తల నున్నగా దువ్వుకుని, పెళ్లికి పోయేవాడిలా ఇంటికి వచ్చేవాడు. లోపల ఎట్లా ఉంటుందని అడిగితే, "ఏముంటది, చీకటుంటది" అని దాటేసేవాడు. ఒక్కసారి మాత్రం నోరు జారాడు. లోపల గ్యాస్ అని ఒకటి ఉంటుందట, కంటికి కనబడదట, పీల్చినవాడు ఉన్నచోటే ఒరిగిపోతాడట. అది విన్నప్పటి నుంచి ఆయన దగ్గితే చాలు, నా ప్రాణం విలవిల్లాడేది.

నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. ఆడపిల్లను బడికి పంపాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరి బుర్రకూ తట్టలేదు, నన్నేం చేయమంటారు? నాకు తెలిసిన బొమ్మలంటే క్యాలెండర్ మీద లక్ష్మీదేవి, అగ్గిపెట్టె మీద పులి. ఆ లక్ష్మీదేవి ఏడాది పొడుగునా అదే పువ్వులో అట్లాగే కూర్చునేది. బొమ్మ పక్కన బొమ్మ పెడితే కథ నడుస్తుందని నాకెవరు చెప్పారు?

బాయి దగ్గరికి ఆడవాళ్లు ఊరికే వెళ్లేవారు కాదు. వేళ కాని వేళ సైరన్ మోగితే మాత్రం పొయ్యి మీదివి పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తేవారు. అక్కడ హాజరు వేసే టైమాఫీసు పక్కన సున్నం కొట్టిన పొడవాటి గోడ ఒకటి ఉండేది. బాయిలో ఎవరైనా పోతే ఆయన ఫొటో తెచ్చి ఆ గోడకు పెట్టి, దండ వేసి, కింద ఏదో రాసేవారు. ఆ గోడంటే కాలనీలో ఎంత భయమంటే, నల్లా దగ్గర కొట్లాటల్లో కూడా "నీ మొఖం గోడకెక్క!" అని ఎవరైనా అంటే, అప్పటిదాకా నవ్వుతూ చూసేవాళ్లు కూడా అన్న మనిషి నోరు మూసేవారు.

ఒకరోజు మా ఆయన టిఫిన్ డబ్బా ఇంట్లోనే మరిచిపోయి డ్యూటీకి వెళ్లాడు. మా పక్క క్వార్టర్‌లో ఒక అవ్వ ఉండేది. ఆమె భర్త బాయిలో చనిపోతే కంపెనీ వాళ్లు ఆమెకు బాయి క్యాంటీన్‌లో పని ఇచ్చారు. ఆమె చేతికి డబ్బా ఇస్తే ఎవరితోనైనా లోపలికి పంపిస్తుందని నేనే బయల్దేరాను. గేటు దాటి నాలుగడుగులు వేశానో లేదో, గోడ మీద మా ఆయన కనిపించాడు.

ముందు నవ్వొచ్చింది. రంగుల్లో గీసిన బొమ్మ. అదే ముక్కు, అదే మీసం, ఎడమ కనుబొమ మీద అదే గాటు. నవ్వుతూ ఛాయ్ తాగుతున్నాడు. పక్కనే గీత గీసి ఇంకో గడి, అందులో మళ్లీ మా ఆయనే, నెత్తిన దీపం పెట్టుకుని. దాని పక్క గడిలో మళ్లీ ఆయనే. ఇదేం చోద్యం, ఒక్క మనిషిని ఇన్నిసార్లు ఎందుకు గీశారు అనుకున్నాను. ప్రతి గడిలో ఆయన నోట్లోంచి తెల్లటి పొగలాంటిది గుండ్రంగా పైకి లేస్తోంది. అందులో నల్లటి నలుసులు. అవి మాటలని, ఆ తెల్లటిదాన్ని మాటల బుడగ అంటారని ఇప్పుడు తెలుసు. అక్షరాలు నేర్చుకున్నాక తెలిసింది. అప్పుడు మాత్రం నాకు తట్టింది ఒక్కటే. గ్యాస్. కంటికి కనబడనిదాన్ని కనబడేట్టు గీశారు!

కాళ్లు ఆగిపోయాయి. కళ్లు మాత్రం ఆగలేదు. ఒక గడిలో ఆయన బొగ్గు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాతి గడిలో పైనుంచి బండ విరుగుతోంది. ఆ తర్వాతి గడిలో బండ కింద మా ఆయన, కళ్లు మూసుకుని, నోట్లోంచి ఏ పొగా లేకుండా. చివరి గడిలో ఒక ఆడమనిషి జుట్టు విరబోసుకుని నేల మీద పడి ఏడుస్తోంది. కింద రాత.

ఆ ఆడమనిషి నేనే. నేనింకా ఏడవనే లేదు, నన్ను అప్పుడే ఏడిపించేశారు! నాకంటే ముందే నా ఏడుపు గోడకెక్కింది. ఊరందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియలేదని, చెప్పడానికి కూడా ఎవరూ రాలేదని అనుకున్నాను. తర్వాత ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. రెండు చేతులూ గోడకేసి బాదుకున్నానట. గాజులు పగిలి, ముక్కలు మణికట్టులో దిగాయి.

నా కేక విని అవ్వ క్యాంటీన్‌లోంచి ఉరికి వచ్చింది. "ఏమైంది బిడ్డా, ఏమైంది?"

"సూడు అవ్వా, గోడ మీద సూడు! నా మొగడు!"

"ఏ, ఊకో. సైరన్ మోగలే గద బిడ్డా" అంటూనే ఆమె తలెత్తి చూసింది. ఆమెకూ చదువు రాదు. బండను చూసింది, బండ కింది ముఖాన్ని చూసింది. "అయ్యో, కొడుకా" అని అక్కడే కూలబడింది. నాకున్న కాస్త ఆశ కూడా దాంతో పోయింది.

టైమాఫీసు గుమాస్తా బయటికి వచ్చాడు. "అమ్మా, ఏం కాలే. గివి భద్రతా వారోత్సవం బొమ్మలు. లోపల జాగ్రత్తగ ఉండాలెనని గీపిచ్చిర్రు. లేవు, ఇంటికి పో."

"మరి మా ఆయన మొఖం ఎందుకున్నది?"

"గదేందో నాకు తెల్వదు."

తెల్వదట! బాయిలో ఏది జరిగినా ఈ గుమాస్తాలు మొదట చెప్పేది "ఏం కాలే" అనే కదా. అవ్వకు కూడా భర్త పోయిననాడు "ఏం కాలే, ఇంటికి పో" అనే చెప్పారు. నేను లేవలేదు. షిఫ్టు పైకి వచ్చేదాకా ఆ గోడకే వీపు ఆనించి కూర్చున్నాను. అవ్వ నా చేతులకు తడిగుడ్డ చుట్టి, నా పక్కనే కూర్చుంది. ఏ దేవుడికి మొక్కానో, ఏ దేవుడిని తిట్టానో నాకే తెలియదు.

షిఫ్టు పైకి వచ్చింది. తల నుంచి కాళ్ల దాకా నల్లటి మనుషులు. ఎవరు ఎవరో తెలియడం లేదు, అసలు ముఖాలే లేవు, తెల్లటి కళ్లు తప్ప. వాళ్లలో వెతుకుతూనే ఉన్నాను. ఒక నల్లటి మనిషి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. తప్పుకో అన్నట్టు చెయ్యి ఊపి, ఆయన వెనక వచ్చేవాళ్లను చూస్తున్నాను.

"ఏందే, నువ్వు గీడ? సేతులకు నెత్తురేంది?"

గొంతు విని గుర్తుపట్టాను. గోడ మీది రంగుల ముఖాన్ని చూడగానే గుర్తుపట్టినదాన్ని, కట్టుకున్న మొగుడు ఎదుటికొచ్చి నిలబడితే గుర్తుపట్టలేకపోయాను.

"సచ్చినోడా! బతికే ఉన్నవా!" అని అరిచి, కాళ్ల దగ్గరున్న టిఫిన్ డబ్బా తీసి ఒక్కటి వేశాను. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. నా మణికట్ల మీది గుడ్డ ఎర్రగా ఉండటం చూసి ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన గోడ వంక చూశాడు, నా వంక చూశాడు.

"నేనే నిలవడ్డనే" అన్నాడు నెమ్మదిగా. "సర్వే ఆఫీసుల మ్యాపులు గీసే సారు నిలవడుమన్నడు. ఛాయ్ తాపిచ్చి గీసుకున్నడు. గోడ మీద నా బొమ్మ వడ్తదంటే మంచిగనిపిచ్చింది. నిన్ను తోలుకొచ్చి సూపిద్దామనుకున్న."

"సచ్చిపోయినట్టు గీస్తనని చెప్పిండా?"

"నా ముందట ఛాయ్ తాగేది ఒక్కటే గీసిండు."

అంతలో ఎవరో చెప్పినట్టున్నారు, ఆ మ్యాపుల సారు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు. నా చేతులు చూసి ముఖం పాలిపోయింది. "అమ్మా, మీరు పొరబడ్డారు. కింద స్పష్టంగా రాశాను చూడండి. 'పైకప్పు తట్టి చూడకుండా కూర్చుంటే ఇలా జరుగుతుంది.' జరిగిందని కాదమ్మా, జరుగుతుందని."

"నాకు సదువు రాదు సారూ! సదువొచ్చినోళ్లకు అయితదని రాసినవు, రానోళ్లకు అయిందని గీసినవు! బండ పడ్డదా లేదా బొమ్మల? నా మొగడు దాని కిందున్నడా లేడా? గా ఏడ్సేది నేనా కాదా?"

"ఆవిడ ఎవరూ కాదమ్మా, ఊహించి గీశాను."

"నువ్వు ఊహించుకో, నేను సావాలె!"

పాపం, ఆ కుర్రాడి మీద కోపం చల్లారాక నాకే అనిపించింది, జాగ్రత్త చెప్పాలనే గీశాడు కదా అని. అప్పుడు మాత్రం చల్లారలేదు. ముఖం తీసెయ్యకపోతే పేడనీళ్లు తెచ్చి గోడంతా అలుకుతానని చెప్పి వచ్చాను. తెల్లారేసరికి మారుస్తానన్నాడు. సాయంత్రం మా ఆయన గాజుల షాపుకు తీసుకెళ్లాడు. గాజులమ్మాయి ఆ గాయాల మీదుగా కొత్త గాజులు ఎక్కిస్తుంటే చూడలేక వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. విషయం కాలనీ అంతా పాకింది, మా వరుసలోని ఆడవాళ్లందరూ నా వెంట వచ్చారు. మ్యాపుల సారు కుంచె పట్టుకుని గోడ దగ్గరే ఉన్నాడు. చెప్పినట్టే అంతా మార్చేశాడు. గడులన్నిటికీ సున్నం కొట్టి మళ్లీ గీశాడు, కింద మళ్లీ రాశాడు. ఇప్పుడు ఏ గడిలోనూ ముఖం లేదు. అన్నిట్లోనూ మనిషి వెనక్కి తిరిగి ఉన్నాడు. బండ కిందివాడు కూడా బోర్లా పడి ఉన్నాడు. ఏడ్చే ఆవిడ ముఖానికి కొంగు అడ్డం ఉంది.

"ఇప్పుడు ఎవరూ కాదమ్మా" అన్నాడు నాతో.

నేను సరే అనబోయాను. నా వెనక ఒకామె గొంతు సన్నగా వినిపించింది. "గా భుజం మా ఇంటాయనదే." ఇంకొకామె అంది, "మా ఆయన గట్లనే పంటడు, ఒక్క చెయ్యి కిందేసుకొని." ఎవరూ ఏడవలేదు, ఎవరూ అరవలేదు. ఒక్కొక్కరే దగ్గరికి జరిగి ఆ వీపును చూస్తున్నారు. నేనూ చూశాను. నిన్న ముఖం ఉంటే అది నా ఒక్కదాని మొగుడు. ఈరోజు ముఖం లేదు, అయినా అది మా ఆయనే, అక్కడున్న అందరి మొగుళ్లూ అదే. నేను అడిగి తెచ్చుకున్న మార్పే కదా ఇది!

"తుడిచెయ్యి సారూ! బొమ్మే వద్దు!" అన్నాను. మిగతా ఆడవాళ్లు కూడా అవునన్నారు.

అప్పటికి అవ్వ క్యాంటీన్‌లోంచి వచ్చి నిలబడి ఉంది. "ఆగుర్రి" అంది. గోడకు దగ్గరగా వెళ్లి, బండ కింది వీపును చాలాసేపు చూసింది.

"మా ఆయనను గిట్లనే తెచ్చిర్రు. మొఖం సూపియ్యలే" అంది. తర్వాత మ్యాపుల సారు వైపు తిరిగింది. "కింద ఏం రాసినవు కొడుకా?"

అతను చదివాడు. నిన్నటంత గట్టిగా చదవలేదు. "పైకప్పు తట్టి చూడకుండా కూర్చుంటే ఇలా జరుగుతుంది."

"మా ఆయన తట్టే కూసున్నడు" అంది అవ్వ. "పక్కన పనిచేసినాయన నా కాళ్లు వట్టుకొని ఏడ్సుకుంట చెప్పిండు. రాడు వట్టి కప్పు తట్టిండట, బండ వదులుంటే గుల్లగ మోగుతదట, మంచిగనే సప్పుడైందట, గప్పుడే కూసున్నడట."

మ్యాపుల సారు బొమ్మ తుడిచేద్దామని సున్నం డబ్బా దగ్గరికి జరుపుకున్నాడు.

"బొమ్మ ఉండనియ్యి కొడుకా. మా ఆయన గట్లనే ఉండె. గా రాత తుడిచెయ్యి."

అతను కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అవ్వే ముందుకు వెళ్లి, చేతిలోని క్యాంటీన్ గుడ్డతో అక్షరాలు తుడవడం మొదలుపెట్టింది. రంగు ఇంకా ఆరలేదు.