సాలు పట్టి చదివిన బొమ్మలు

2023 వానాకాలం. వనపర్తిలో మా ఇంటి పై గదే నా ఆఫీసు. ఒక బల్ల, ఒక కంప్యూటర్, పలకలాంటి పెన్ టాబ్లెట్, కరెంటు పోతే అరగంటకు మించి ఆదుకోని ఇన్వర్టర్. పొద్దున ఒక వారపత్రికకు పిల్లల కామిక్స్ గీస్తాను. మధ్యాహ్నం నుంచి హైదరాబాద్ స్టూడియోకు యానిమేషన్ పని. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదని పెద్దలు చెప్తారు కానీ, ఒక్క పడవతో మా ఇల్లు గడవదు. మా వీధిలో మాత్రం "బొమ్మలేసుకుంట కూసుంటడు" అన్న ఒక్క మాటతో నా రెండు ఉద్యోగాలూ సరి.

ఈ పని తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. యానిమేషన్‌లో ఒక పిల్లవాడు చెయ్యి పైకెత్తాలంటే, మొదటి బొమ్మా చివరి బొమ్మా పెద్ద ఆర్టిస్టు గీస్తాడు. మధ్యలో చెయ్యి కొంచెం కొంచెంగా లేచే బొమ్మలన్నీ నాలాంటివాళ్లవి. వాటిని ఇన్‌బిట్వీన్స్ అంటారు. పేరు ఆయనకు, నడుము నొప్పి మాకు. కామిక్స్‌లో ఆ మధ్య బొమ్మలు ఉండవు. ఒక గడి అయిపోతుంది, ఇంకో గడి మొదలవుతుంది. ఒక్కో గడిని ప్యానెల్ అంటాం. ఒక ప్యానెల్ నుంచి ఇంకోదానికి పాఠకుడే తన కళ్లతో నడిచి వెళ్లాలి. యానిమేషన్‌లో దేని తర్వాత ఏది చూపించాలో నా చేతిలో ఉంటుంది, కామిక్స్‌లో చదివేవాళ్ల చేతిలో ఉంటుంది. ఈ మాట నేను నలుగురిలో చాలా గొప్పగా చెప్పేవాణ్ణి. చెప్పడమే తప్ప నాకూ అర్థం కాలేదని ఆ వానాకాలంలో తెలిసింది.

గద్వాల వైపు ఒక ఊళ్లో, సర్కారు దవాఖానలో మా సుజాతక్క నర్సు. మా మేనమామ కోడలు. షుగర్ జబ్బుకు ఇంట్లోనే ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్లకు ఎంత చెప్పినా మరిచిపోతున్నారని ఆమె బాధ. ఒకరోజు ఫోన్ చేసింది.

"తమ్మీ, సదువు రానోళ్లకు సుత తెలిసేటట్టు కదిలే బొమ్మలు చేసియ్యరాదూ."

అప్పుడు స్టూడియో పని మెడ మీద ఉంది. ఒక పిల్లల పాటలో ఏనుగు చేత గంతులు వేయిస్తున్నాను. "కదిలే బొమ్మలకు టైం లేదక్కా. ఒక కాయితం మీద కామిక్స్ గీసిస్త. జిరాక్స్ తీసి పంచు. చిన్న ఫోన్లు ఉన్నోళ్లకు సుత పనికొస్తది" అన్నాను. ఏదో ఉపకారం చేస్తున్నట్టే మాట్లాడాను. నిజానికి అది నాకు సులువు, అంతే.

ఒక్క పూటలో గీసేశాను. ఆరు ప్యానెళ్లు. పై వరుసలో రెండు, మధ్యలో రెండు, కింద రెండు. మొదట, తిండి వండి సిద్ధంగా పెట్టుకోవడం. పక్కన, మందు సీసాను అరచేతుల మధ్య దొర్లించడం. ఆ రకం మందు అడుగుకు పేరుకుంటుంది, దొర్లిస్తేనే కలుస్తుంది. రెండో వరుసలో సూది వేసుకోవడం, పక్కన అరగంటలోపు తినడం. మూడో వరుసలో చేనుకు పోవడం, పక్కన సాయంత్రం కుండలో మందు చల్లగా ఉందో లేదో చూసుకోవడం. ఫ్రిజ్ లేని ఇళ్లలో మందుకు కుండే దిక్కు. బొమ్మలోని ఆడమనిషిని ముద్దుగా గీశాను.

"నంబర్లు ఎయ్యవా?" అని అక్క అడిగింది.

"బొమ్మ బొమ్మ లెక్క ఉండాలక్కా. బస్టాండుల టైంటేబుల్ అనుకున్నవా?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు వారాలకు అక్క మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు వేరేగా ఉంది. "సాయమ్మ అని ఒకామె, పత్తి చేన్ల పనికి పోతది. కండ్లు తిరిగి పడుడు ఇది మూడోసారి. ఒళ్లంత చెమటలు, వణుకుడు. షుగర్ పడిపోతున్నది. ఇయ్యాల పక్క మనిషి నోట్ల బెల్లం పెట్టకుంటే ఏమైతుండెనో. ఏం చేస్తున్నవమ్మా అంటే నీ కాయితం తీసి చూపెడుతున్నది."

"నా బొమ్మలకేమైంది? ఆమెకే అర్థం కాలేదేమో" అన్నాను. మొదట వచ్చింది కోపమే, దాచుకోవడం ఎందుకు? ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది. సూది వేసుకుని తినకుండా ఎండలో పని చేస్తే ప్రాణం మీదికి వస్తుందని అక్కే నాకు చెప్పింది. ఏనుగును గంతు మధ్యలో వదిలేసి, బండి తీసి, ఆత్మకూరు మీదుగా జూరాల కట్ట దాటి వెళ్లాను.

సాయమ్మ దవాఖాన బల్ల మీద కూర్చుని ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. సన్నగా, ఎండకు కమిలిన ముఖం. కాయితం గీసింది నేనేనని అక్క చెప్పగానే లేచి నిలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"మంచిగ గీసినవ్ సారూ. అచ్చం నా లెక్కనే ఉన్నది" అంది.

"మరి తినకుండ చేనుకు ఎందుకు పోతున్నవ్?" అని అక్క కోప్పడింది. "డాక్టర్ సారు ఏమంటుండో ఎర్కనా? ఇంట్ల సూది వద్దు, రోజూ పొద్దుగాల ఈడికే రావాలంటుండు."

సాయమ్మ ముఖం పాలిపోయింది. "ఈడికొచ్చి పోయేటాళ్లకు పని మొదలైతది సిస్టరమ్మా. ఆలిశమైనోళ్లను మేస్త్రి రానియ్యడు. కాయితంల ఎట్లుంటే గట్లనే చేస్తున్న. ఒట్టు."

కాయితం ఆమె ముందు పెట్టాను. "అమ్మా, ఈ కథ నాకు జెప్పు. నేను నడుమ మాట్లాడ."

నోరు మూసుకుని కూర్చోవడం నాలాంటివాడికి ఎంత కష్టమో మా ఇంట్లో అడగండి. అయినా కూర్చున్నాను. ఆమె వేలు మొదటి ప్యానెల్ మీద పెట్టింది.

"ఈమె పొద్దుగాల లేసి రొట్టెలు చేసిపెట్టింది." వేలు పక్కకు పోలేదు. కిందికి దిగింది. "సూది ఏసుకున్నది." ఇంకా కిందికి. "చేనుకు పోయింది." అప్పుడు వేలు పైకి లేచి కుడి పక్క నిలువు వరుస తల మీద వాలింది. "ఇంటికొచ్చి సీసను దొర్లిచ్చింది. అప్పుడు తిన్నది. సీసను కుండల పెట్టింది. అయిపాయె."

ఆమె చెప్పిన కథలో ఎక్కడా అతుకు కనిపించలేదు. నేను అడ్డంగా గీసిన కథ నిలువుగా చదివినా నిక్షేపంగా కుదిరింది. కాకపోతే నా కథలో మనిషి తిని పనికి పోతుంది, ఈమె కథలో పనికి పోయి వచ్చి తింటుంది.

"గిట్ల పక్కకు ఎందుకు చూడలేదమ్మా?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "సాలు పట్టినంక తుదముట్టేదాంక పోవాలె గద సారూ. సగంల ఇడిసి పక్క సాలుకు దుంకితే మేస్త్రి ఊకుంటడా?"

గద్వాల వైపు విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పని చూసినవాళ్లకు ఈ మాట తెలుస్తుంది. ఒక మొక్క పువ్వు పుప్పొడి ఇంకో మొక్క పువ్వుకు చేత్తో అద్దాలి. ఒక్కో ఆడమనిషి ఒక్కో సాలు, అంటే ఒక్కో మొక్కల వరుస పట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక్క పువ్వూ వదలకుండా పోతుంది. ఆ తర్వాతే ఇంకో సాలు. సాయమ్మ ఊహ తెలిసినప్పటి నుంచి చేస్తున్నది అదే. నా కాయితంలో ఆమెకు రెండు సాళ్లు కనిపించాయి. ఎడమ నుంచి కుడికి పోవాలని ఆమెకు ఎవరు చెప్పారు? నాకు బడిలో చెప్పారు.

"తప్పు నీది కాదమ్మా, నాది" అన్నాను.

ఆమె నమ్మలేదు. "బొమ్మలు సుత తెల్వని మొద్దునైతిని సారూ" అంది. అప్పుడు కళ్లు తుడుచుకుంది.

ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఆ కాయితం అప్పటికి నలభై మంది దాకా తీసుకున్నారు. అక్క రిజిస్టర్ ముందేసుకుంది. ఆమె ఒక ఫోన్, నేను ఒక ఫోన్. ఫోన్ లేని ఇళ్లకు ఆశా వర్కర్లు పోయారు. "కాయితం వెనక్కియ్యండి, సూది ఏసుకున్నంక అరగంటల తినాలె" అని చెప్పిందే చెప్పి నా నోరు ఎండిపోయింది. చాలామంది ఇళ్లలో బడికి పోయే పిల్లలు చదివి చెప్పారట. ఒక ముసలాయన మాత్రం సాయమ్మలాగే నిలువుగా చదివాడు. "నీకు కండ్లు తిరగలేదా తాతా?" అని అడిగాను.

"ఏడ తిరుగుతయి? తినంది మా ముసల్ది గడప దాటనియ్యదాయె" అన్నాడు.

ఆ ముసలమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను. చివరి ఇంటి నుంచి కబురు వచ్చేసరికి పొద్దు వాలింది. ఎవరికీ ఏమీ కాలేదు. దవాఖాన మెట్ల మీద కూలబడి అక్క తెచ్చిన చాయ్ తాగాను. అంత తియ్యటి చాయ్ నేను మళ్లీ తాగలేదు.

స్టూడియోకు ఫోన్ చేసి ఏనుగు రెండు రోజులు ఆగుతుందని చెప్పాను. వాళ్లు తిట్టారు, పడ్డాను. ఒక తెల్ల కాయితాన్ని నిలువునా రెండుగా చీల్చి, సన్నటి పట్టీ మీద ఆరు బొమ్మలూ ఒకదాని కింద ఒకటి గీశాను. ఒకటే సాలు. నంబర్లూ వేశాను. పట్టుకుని నేనే మళ్లీ సాయమ్మ దగ్గరికి పోయాను.

ఆమె వేలు పై నుంచి దిగింది. రొట్టెలు. సీసా దొర్లించడం. సూది. తినడం. అక్కడ ఆగి నా ముఖం చూసింది. నేను ఉలకలేదు, పలకలేదు. చేను. కుండ. అంతా చెప్పి కాయితం మడిచి రొంటిన దోపుకుంది. ఇంట్లోనే సూది వేసుకోవచ్చని డాక్టర్ గారు ఒప్పుకున్నారు. నెల తర్వాత అక్క ఫోన్ చేసి, మళ్లీ ఒక్కసారి కూడా పడలేదని చెప్పింది.

ఇప్పుడు ఏ పేజీ అయినా, పత్రికకైనా ఇంకెవరికైనా, పంపే ముందు ఒక మనిషి చేతికిచ్చి "కథ జెప్పు" అంటాను. చెప్పేదాకా నోరు విప్పను. ఇదంతా నేర్పింది సాయమ్మే. కొత్త కాయితం చదివిన రోజు ఆమె లేచి పోబోతూ అడిగింది.

"అయితే సారూ, నాకు సదువొస్తది అన్నట్టే గద?"

"వస్తదమ్మా," అన్నాను. "రాసుడే నాకు రాకపాయె."