నీటి అడవిలో మొరాయించిన తుపాకీ

2011 ఆగస్టులో నేను ఆర్కాన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్‌కు అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న కంపెనీలో సీనియర్ టెస్ట్ ఇంజనీరుగా చేరాను. అంతకుముందు చాలా ఏళ్లు మిషిగన్‌లో, నోవైలో, కార్ల విడిభాగాలు చేసే సంస్థలో స్ప్రింగుల మీద పనిచేశాను. మాంద్యం వచ్చినప్పుడు మా విభాగాన్ని మూసేశారు. ఈ కొత్త కంపెనీ సొంతంగా తుపాకులు తయారు చేయదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌ను తీసుకుని, పక్షుల వేటగాడి చేతికీ భుజానికీ తగ్గట్టు మార్చి అమ్ముతుంది.

బెంటన్‌విల్‌లో తెలుగువాళ్లంటే దాదాపు అందరూ ఐటీ కాంట్రాక్టర్లే. ఒక ఇంట్లో పుట్టినరోజు భోజనాల దగ్గర నా ఉద్యోగం సంగతి బయటపడింది. "ఏంటండీ రాజుగారూ, రాజ్యం పోయినా వేట మాత్రం వదల్లేదన్నమాట" అన్నాడొకాయన. పక్కనున్నవాళ్లు నవ్వారు. మాది రాజ్యం కాదు, ఎస్టేటు అని సరిదిద్ది ఊరుకున్నాను.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మా తాతగారి దగ్గర రెండు గొట్టాల తుపాకులు ఉండేవి. ఎస్టేటు పోయాక అవి ఒక్కొక్కటీ అమ్ముడయ్యాయి. చివరిదాన్ని లైసెన్సు తిరిగి రాయించే స్తోమత లేక పోలీసు స్టేషనులో అప్పగించి వచ్చారు. ఆయన దగ్గర నాకు గురి అబ్బలేదు కానీ నిలబడే తీరు అబ్బింది. కాళ్లు ఎడంగా, ఎడమ పాదం ముందుకు, వెన్ను నిటారుగా ఉండాలి. దేనికీ చేరగిలబడకూడదు. భోజనానికి కూర్చున్నప్పుడు కూడా మా ఇంట్లో పిల్లలు గోడకు ఆనుకునేవాళ్లు కారు.

సెమీ ఆటోమేటిక్ మీద మొదట్లో నాకు గౌరవం లేదు. మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలుతుంది. ఖాళీ తూటాను తుపాకీయే బయటికి విసిరి, తర్వాతి దాన్ని తనే గొట్టంలోకి ఎక్కించుకుంటుంది. వలస పక్షుల మీద మూడు తూటాలకు మించి నింపకూడదని చట్టం. అందుకని తూటాల గొట్టంలో అడ్డుగా ఒక పుల్ల పెడతారు. మా తాతగారి లెక్కలో రెండు దెబ్బలూ తప్పితే పక్షి గెలిచినట్టు. మూడోది ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. దాని లోపలి పని అర్థమయ్యాక ఆ చులకన పోయింది.

మేము మార్చే తుపాకీకి వాయువుతో పని లేదు, అది వెనక్కి తన్నే తన్నుతోనే నడుస్తుంది. లోపల బోల్ట్ అనే బరువైన ఇనప దిమ్మ ఉంటుంది. దానికీ, దాని ముందున్న తలకీ మధ్య పొట్టి, గట్టి స్ప్రింగు ఉంటుంది. తూటా పేలగానే తుపాకీ మొత్తం వెనక్కి వస్తుంది. దిమ్మ మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. బస్సు ఒక్క ఉదుటున ముందుకు కదిలితే నిలుచున్నవాడు వెనక్కి తూలడం లాంటిదే ఇదీ. ఆ క్షణంలో స్ప్రింగు నొక్కుకుపోయి, మరుక్షణం దిమ్మను వెనక్కి తంతుంది. ఖాళీ తూటా ఎగిరిపోతుంది. ఇందులో పొగ, మసి తక్కువ కాబట్టి బురదలో, చలిలో తిరిగే బాతుల వేటగాళ్లకు ఇష్టం.

మా మార్పులు ఇలా ఉండేవి. మందపాటి చేతి తొడుగులతో కూడా అందేలా బోల్ట్ పిడిని పెద్దది చేసేవాళ్లం. తుపాకీ వెనక భాగాన్ని, అంటే స్టాక్‌ను, మనిషి చెంపకూ భుజానికీ కుదిరేలా పలచని బిళ్లలు పెట్టి ఎత్తూ వాలూ సరిచేసేవాళ్లం. తన్ను మరీ ఎక్కువగా ఉందనేవాళ్లకు స్టాక్ లోపల బరువు దిమ్మ బిగించేవాళ్లం. వీటన్నిటికీ తగినట్టు లోపలి స్ప్రింగును ఎంచడం శిరీష పని.

శిరీష నిజామాబాద్ అమ్మాయి. ఇక్కడే మాస్టర్స్ చేసి, ఓపీటీ మీద, అంటే చదువయ్యాక దొరికే తాత్కాలిక పని అనుమతి మీద, ఉద్యోగంలో చేరింది. ఆమె లాంటి వీసా మీద ఉన్నవాళ్లు ఈ దేశంలో మామూలుగా తుపాకీ ముట్టుకోకూడదు. వేట లైసెన్సు ఉంటే ఆ అడ్డు తొలగుతుంది. ఆమె వేటగాళ్ల క్లాసుకు వెళ్లి, పరీక్ష పాసయి, లైసెన్సు తెచ్చుకుని మరీ చేరింది. "ఇంట్ల కార్ పార్ట్స్ కంపెనీ అని చెప్పిన అంకుల్" అంది మొదటి వారం. ఆఫీసులో అంకుల్ అనవద్దన్నాను. ఆనాటి నుంచి సర్ అనేది, కొంచెం ఎక్కువగానే.

డిసెంబరులో ఫిర్యాదు వచ్చింది. రాష్ట్రం తూర్పు భాగంలో, చలికాలం నీట మునిగే అడవుల్లో, రస్ అనే ఆయన బాతుల వేటకు వచ్చేవాళ్ల కోసం ఒక లాడ్జి నడిపేవాడు. తన గైడ్ల కోసం మా దగ్గర కొన్ని తుపాకులు కొన్నాడు. అవి మొదటి తూటా తర్వాత మొరాయిస్తున్నాయని, ఖాళీ తూటా బయటికి రాక ద్వారంలోనే ఇరుక్కుంటోందని చెప్పాడు. ఆయన మాట ఆ చుట్టుపక్కల వేటగాళ్లలో చెల్లుతుంది. ఆయన తుపాకులు వెనక్కి పంపిస్తే మిగతావాళ్లూ పంపిస్తారు.

మా యజమాని డేల్ మంచివాడే కానీ తొందరమనిషి. స్ప్రింగు గట్టిదైతే చిన్న తన్నుకు నొక్కుకోదు. శిరీష ఎంచిన స్ప్రింగు ఫ్యాక్టరీ స్ప్రింగు కంటే కాస్త గట్టిది. తప్పు అక్కడే ఉందని ఆయన తేల్చేసుకున్నాడు. ఈ దేశంలో ఉద్యోగం కొనసాగాలంటే ఏప్రిల్‌లో ఆమెకు హెచ్-1బి వీసా దరఖాస్తు పెట్టాలి. ఆయన నన్ను గదిలోకి పిలిచి, సీజన్ ముగిసేలోగా రస్ దగ్గరికి వెళ్లి చూసి రమ్మన్నాడు. స్ప్రింగే కారణమైతే ఆ దరఖాస్తు మీద తాను సంతకం పెట్టనని, ఏ సంగతీ సోమవారం తేల్చి చెప్పాలని అన్నాడు. వెంట శిరీషను కూడా తీసుకెళ్తానని నేనే అడిగాను. తన పని మీద తీర్పు చెప్పేచోట మనిషి ఉండటం న్యాయం.

జనవరి చివరి వారాంతంలో వెళ్లాం. దారిపొడుగునా ఆమె ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. ఫోన్ తీసేది, పెట్టేసేది. హీటర్ పెంచేది, తగ్గించేది. "సర్, స్ప్రింగ్ ఎంత గట్టిగుండాల్నో నేను మూడుసార్లు కాలిక్యులేట్ చేసిన. తప్పు లేదు" అంది. హీటర్ మళ్లీ తగ్గించి, "ఉంటే మీరు చెప్తరు కదా" అంది. ఉంటే చెబుతాననే అన్నాను. ఆ మాట విన్నాక హీటర్ జోలికి పోలేదు.

నిజానికి నాకూ స్థిమితం లేదు. మా షెడ్డులో అదే తుపాకీని పట్టాల మీద జారే బండికి బిగించి కాల్చాం, చక్కగా పనిచేసింది. నేను భుజానికి ఆనించి కాల్చాను, అప్పుడూ పనిచేసింది. ఎక్కడా తప్పు కనబడని చోట తప్పు వెతకడం మా వృత్తిలో అన్నిటికంటే చికాకైన పని.

మర్నాడు తెల్లవారుతుండగా రస్ పడవలో వెళ్లి అడవిలోకి దిగాం. రొమ్ము దాకా వచ్చే రబ్బరు తొడుగులు, నడుము లోతు నీళ్లు, ఓక్ చెట్లు. చెట్ల మధ్య ఖాళీలో బొమ్మ బాతులు తేలుతున్నాయి. రస్ ఈల లాంటి పీకతో కూత వేస్తే ఆకాశంలో తిరుగుతున్న మల్లార్డు బాతులు రెక్కలు ముడిచి కొమ్మల నడుమ నుంచి దిగుతాయి. ఆయన నల్లకుక్క చెట్టుకు కట్టిన చెక్క మీద కూర్చుని మాకంటే ఓపికగా చూస్తోంది.

మొదటి గుంపు దిగింది. రస్ ఒకటి కొట్టాడు. రెండోదానికి మీట నొక్కితే ఏమీ లేదు. ఖాళీ తూటా ద్వారంలో అడ్డంగా నిలబడింది. ఆయన ఒక బూతు మాట అని తుపాకీ నాకిచ్చాడు, షెడ్డు నుంచి నేను తెచ్చుకున్న అదే రకం తుపాకీని తను తీసుకున్నాడు. తర్వాతి గుంపుకు ఆయన చేతిలో మొరాయించిన ఆ తుపాకీ నా చేతిలో మూడు తూటాలూ పేల్చింది. నాది ఆయన చేతిలో మొరాయించింది. మళ్లీ మార్చుకున్నాం. మళ్లీ అంతే.

"ప్రిన్స్ చేతిలో ఉంటే దానికి కూడా మర్యాద తెలుస్తుంది కాబోలు" అన్నాడు రస్. డేల్ ఫోన్‌లో ఏం చెప్పాడో నాకు తెలియదు. ప్రిన్స్ కాదని సరిదిద్దే ఓపిక ఆ చలిలో లేకపోయింది.

తూటాలు మార్చాం. ఆయన వాడేవి బరువు తక్కువవి. అవే నేను కాల్చితే పనిచేశాయి. నూనె చలికి చిక్కబడిందేమోనని బోల్ట్ తీసి తుడిచాను. రస్ చేతులు తుపాకీని సడలించి పట్టుకుంటున్నాయేమో అనుకుని చూశాను. గట్టిగానే పట్టుకున్నాడు. ఎండ పైకొస్తోంది. కాసేపట్లో బాతులు దిగడం మానేస్తాయి. నేను పడవకూ చెట్లకూ మధ్య ఊరికే తిరగసాగాను. నీళ్లు కదపవద్దని రస్ రెండుసార్లు చెప్పాడు.

శిరీష రస్ వెనక కొంచెం దూరంలో నిలబడి ఆయన్ని, నన్ను మార్చి మార్చి చూస్తోంది. తర్వాత నీళ్లలో నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది.

"సర్, ఆయన జాకెట్ వెనక చూడండి. మొత్తం నాచు."

చూశాను. బెరడు పొట్టు, పచ్చని నాచు భుజం నుంచి నడుము దాకా అంటుకుని ఉంది.

"మీది చూస్కోండి. ఇస్త్రీ చేసినట్టుంది."

ఆ అడవుల్లో వేటగాళ్లందరూ చెట్టుకు ఆనుకునే కాల్చుతారు. పైనుంచి బాతుకు ముఖం, భుజాలు కనబడకుండా ఉండాలంటే మనిషి చెట్టులో కలిసిపోవాలి. ఇది నాకు తెలియని విషయం కాదు. వాళ్లు ఆనుకోవడం పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాను. దాన్ని తుపాకీతో కలిపి ఆలోచించలేదు.

"ఒక్కసారి మీరు కూడా ఆనుకోండి సర్" అంది.

అవసరం లేదు, అర్థమైంది అన్నాను.

"అర్థమైతే చాలదు సర్. సోమవారం డేల్ అడిగితే చూసినమని చెప్పాలె కదా."

నేను వెళ్లి ఒక ఓక్ చెట్టుకు వెన్ను ఆనించాను. బెరడు తడిగా ఉంది. కుడి భుజం వెనక చెట్టు గట్టిగా తగిలేలా నిలబడమని ఆమె చెప్పింది. ఖాళీ ఆకాశంలోకి కాల్చాను. తూటా ద్వారంలో ఇరుక్కుంది. తీసి మళ్లీ కాల్చాను. మళ్లీ ఇరుక్కుంది. రస్ కూత ఆపి మావైపు చూశాడు.

అప్పుడు ఆమె తన సంచిలోంచి ఫ్యాక్టరీ స్ప్రింగు తీసింది. అది తెచ్చినట్టు నాకు చెప్పలేదు. పడవ అంచున కూర్చుని వేళ్లు కొంకర్లు పోతుంటే దాన్ని బిగించాను. చెట్టుకు ఆనుకుని కాల్చితే ఫ్యాక్టరీ స్ప్రింగుతోనూ తుపాకీ మొరాయించింది. నిటారుగా నిలబడి కాల్చితే రెండు స్ప్రింగులతోనూ పనిచేసింది.

కారణం అక్కడే తేలిపోయింది. వెనక చెట్టు ఉంటే భుజం వెనక్కి పోదు. భుజం పోకపోతే తుపాకీ పోదు. తుపాకీ కదలకపోతే స్ప్రింగు నొక్కుకోదు. పైగా ఈ తుపాకుల స్టాక్‌లో మేము బిగించిన బరువు దిమ్మ వల్ల ఉన్న కాస్త కదలికా తగ్గింది. మా షెడ్డులో బండి పట్టాల మీద హాయిగా జారేది. నేను కాల్చినప్పుడు నా ఒళ్లు తుపాకీతోపాటు వెనక్కి ఊగేది.

"మధ్యల మెత్త పెడితే? భుజం కదలకున్నా తుపాకీ కదలనీకి జాగ దొరుకుతది" అంది శిరీష. రస్ పడవలో తన్నుకు ఓర్చుకోలేని అతిథుల కోసం ఉంచిన తొడుగు మెత్త ఒకటి ఉంది. దాన్ని స్టాక్ చివరకు తొడిగి ఆయనే చెట్టుకు ఆనుకుని కాల్చాడు. మూడూ పేలాయి. అయితే మెత్త మందంతో స్టాక్ పొడుగైపోయి, తుపాకీ ఎత్తేటప్పుడు జాకెట్‌కు తట్టుకుంది. బాతు తప్పింది. ఆయన ఈసారి తుపాకీని తిట్టలేదు, తన జాకెట్‌ను తిట్టాడు. అది చూసి ఆ రోజు మొదటిసారి శిరీష నవ్వింది.

సోమవారం డేల్‌కు స్ప్రింగులో తప్పు లేదని చెప్పాను. బరువు దిమ్మ తీసేసి, మెత్త మందం మేరకు స్టాక్ కోసి, దాని వెనక మెత్త బిగించాలని చెప్పాను. కొలత కూడా చలికాలపు జాకెట్ తొడిగించి తీసుకోవాలి. అప్పటిదాకా షెడ్డులో చొక్కా మీద తీసేవాళ్లం. అన్ని నెలలు పరీక్షించి నీకెందుకు కనబడలేదని ఆయన అడిగాడు. నేను ఆనుకోను అన్నాను. ఎందుకని అడిగాడు. మా ఇంట్లో అలవాటు లేదన్నాను. ఆయన కొత్త స్టాక్‌లు కోయడానికి మనిషిని పిలిచాడు. శిరీష దరఖాస్తు ఏప్రిల్‌లో వెళ్లింది, మంజూరైంది. కొన్నాళ్లకు ఆమె టెక్సస్‌లోని ప్లేనోకు, జీతం ఎక్కువున్న మరో ఉద్యోగానికి వెళ్లిపోయింది. వెళ్లేరోజు అంకుల్ అంది. ఆఫీసు గేటు దాటాం కాబట్టి సరిదిద్దలేదు.

ఆ వారమే షెడ్డులో ఒక ఓక్ స్తంభం పాతించాను. అమ్మే ప్రతి తుపాకీనీ దానికి వెన్ను ఆనించి కూడా కాల్చాలన్నది నియమం. రిటైరయ్యేదాకా ఆ పని నేనే చేశాను, ఒక్కరోజు కూడా అది నాకు సుఖంగా అనిపించలేదు. నేను నిలబడే తీరులో నిలబడి పరీక్షిస్తే ఆ తుపాకీ నా చేతిలో పనిచేస్తుందని మాత్రమే తేలుతుంది. కొనేవాడు ఎలా నిలబడతాడో ముందు చూసి, అలాగే నిలబడి మీట నొక్కాలి.