ఊరంతా ఒక్కనాడే మానేసినప్పుడు

జనగామలో నేను పనిచేసే ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు విప్పగానే లోకంలోని సమస్యలన్నీ బల్ల మీదికి వస్తాయి. మొన్న మద్యనిషేధం వంతు వచ్చింది. "బంద్ పెడితే తాగుడు ఆగుతదా మేడం? ఉత్త ముచ్చట. పక్కూరికి పోయి తాగొస్తరు," అన్నాడు మా సీనియర్ ఒకాయన, పప్పన్నం కలుపుకుంటూ. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నా కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసంతా ఎరుగుదురు. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది, అందుకే ఇంకా మండింది. మిగతా సగం తెలియాలంటే మా అమ్మను అడగాలి.

మాది దంతాలపల్లి దాటాక వచ్చే ఒక చిన్న ఊరు. అప్పట్లో మా ఊళ్ళో కిరాణా కొట్ల కంటే బెల్టు షాపులే ఎక్కువ. తొర్రూరులో లైసెన్సున్న మందు దుకాణం నుంచి పెట్టెలు తెచ్చి, ఇళ్ళ అరుగుల మీద దొంగచాటుగా అమ్మేవాళ్ళు. దొంగచాటు అని నేను అంటున్నాను గానీ చాటేమీ లేదు, పొద్దున పాలప్యాకెట్ కంటే ముందు క్వార్టర్ సీసా దొరికేది.

మా నాయిన ఆ ఊళ్ళోనే రైతు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తాగేవాడి కూతురు నోరు విప్పితే తండ్రి దుర్మార్గుడే అయి ఉంటాడని జనం లెక్క. మా నాయిన ఒక్కనాడు అమ్మ మీద చెయ్యెత్తలేదు. తాగేవాడు, పడుకునేవాడు, అంతే. పొద్దున లేవగానే మాత్రం చేతులు వణికేవి. చాయ్ గ్లాసును అరుగు మీద పెట్టించుకుని, వంగి మూతితోనే మొదటి గుక్క పీల్చేవాడు. ఆ తర్వాత ఏ బెల్టు షాపుకో పోయి ఇంత పోసుకుంటేగానీ ఆ చేతులు ఆయన మాట వినేవి కావు. నేను చాలా ఏళ్ళు నాయినలందరూ చాయ్ అలాగే తాగుతారనుకున్నాను.

కొన్నేళ్ళ కిందట ఊళ్ళో మహిళా సంఘం వాళ్ళు కూర్చుని మందు బంద్ పెట్టాలని తీర్మానం చేశారు. మా అమ్మే ముందుంది. ఎవరింట్లో ఏమైందని ఆ మాట వచ్చిందో చెప్పను, అందరి ఇళ్ళలోనూ అదే బాగోతం. నేను సెలవు పెట్టి ఊరికి వెళ్ళింది ఆ వారమే. ఆ పొద్దు మా అమ్మ నడక చూడాలి! వెనక ఆడవాళ్ళంతా, ముందు కర్ర పట్టుకుని మా నాయనమ్మ. ఒక్కో అరుగు దగ్గర ఆగి సీసాలు బయట పెట్టించి, పగలగొట్టించి మరీ కదిలారు. డప్పు చాటింపు వేయించారు. "రేపటి సంది ఊళ్ళె మందు బంద్! అమ్మినా, తెచ్చినా, తాగినా జుర్మానా!" ఊరికి రెండు వైపులా రోడ్డు మీద ఆడవాళ్ళు వంతులు వేసుకుని కాపలా కూర్చున్నారు. నేను ఫొటోలు తీసి ఆఫీసు వాళ్ళందరికీ పంపాను. ఛాతీ ఇంత పొంగింది.

మొదటి రోజు నాయిన అరుగు దిగకుండా కూర్చున్నాడు. మర్నాడు చెమటలు, వాంతులు. అన్నం ముట్టలేదు. "మొండికేసిండు, రెండు దినాలైతే అదే తగ్గుతది," అంది అమ్మ. ఆ తర్వాతి రోజు పొద్దెక్కేసరికి గోడ మీద లేని చీమల్ని అరచేత్తో తుడిచేస్తున్నాడు. ఎప్పుడో అమ్మేసిన ఎడ్లను పిలిచి, నీళ్ళు తాగమని బతిమాలుతున్నాడు. వాకిట్లో జనం చేరారు. పక్కింటి తాత ఒకాయన అమ్మతో మెల్లగా అన్నాడు, "బిడ్డా, జర ఒక్క సుక్క పొయ్యి. లేకుంటే మనిషి దక్కేటట్టు లేడు."

అమ్మ ఏదో అనబోయేలోపు నాయనమ్మ లోపలికి వెళ్ళి, బియ్యం గోళెంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక క్వార్టర్ సీసా తీసింది. అవును, కర్ర పట్టుకుని అందరికంటే ముందు నడిచిన మా నాయనమ్మే! వాకిలంతా నోరెళ్ళబెట్టింది.

"ఏం జూస్తున్నరు? ముంగట నడిచిన్నా, నడిచిన. గిప్పుడు నా కొడుకు సస్తున్నడు. కన్నది నేను. నీ బంద్ నాకెందుకే పిల్లా?" అని అమ్మ మీదికి లేచింది.

అమ్మ సీసా లాక్కోలేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "అత్తా, గిది పోస్తే ఇయ్యాల లేస్తడు, రేపు మళ్ళ పొయ్యాలె. పొయ్యకుంటే ఏమైతడో నాకు తెల్వది. తెలిసినోళ్ళ కాడికి పోదాం. వాళ్ళు పొయ్యమంటే నేనే పోస్త, ఊరంత జూస్తుండంగ. సీసా నీ కొంగున కట్టుకొనే రా."

అట్లా బయల్దేరాం. ఆటోలో నాయినను అడ్డంగా పడుకోబెట్టి, తల నాయనమ్మ ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. నాయనమ్మ కొంగులో సీసా. మహబూబాబాద్‌ను మావాళ్ళు మానుకోట అంటారు. మానుకోట దవాఖానకు చేరేదాకా అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె నాయినను చూసీ చూడగానే లోపలికి తీసుకెళ్ళింది. సూది వేశారు, సెలైన్ ఎక్కించారు. అమ్మ ఆమె ముందుకు వెళ్ళి నిలబడి సూటిగా అడిగేసింది. "డాక్టరమ్మా, మందు పొయ్యాల్నా? పొయ్యాలంటే చెప్పు, తెచ్చినం."

"వద్దమ్మా. దీనికి మా దగ్గర మందులున్నయి. ఏండ్ల సంది తాగేటోళ్ళు ఒక్కసారి ఆపితే ఇట్లనే అయితది. ఇంట్లనే ఉంచితే పాణం మీదికొచ్చేది. తెచ్చి మంచి పని చేసిన్రు." ఆమె చీటీ రాస్తూ అడిగింది, "ఇంతకు ఎందుకు ఆపిండు? పాణం బాగలేకనా?"

అమ్మ నడుం నిటారైంది. "లేదమ్మా, మా ఊరంతా బంద్ పెట్టినం."

డాక్టరమ్మ తలెత్తింది. "ఊరంతానా? అందరు ఒక్కనాడే ఆపిన్రా?"

అమ్మ అవునని తలూపబోయి ఆగిపోయింది. మా ఇంట్లో జరిగిందే ఎన్నిళ్ళల్లో జరుగుతోందో ఆమెకు అప్పుడు తట్టింది. తలుపులు మూసుకుని, ఊరి ముందు పరువు పోతుందనో, జుర్మానా పడుతుందనో ఎవరి మొగుణ్ణి వాళ్ళు దాచుకుని ఉంటారు. దాచుకోవలసినంత భయం పెట్టింది మా అమ్మే.

నా ఫోన్ లాక్కుంది. రోడ్డు మీద కాపలా ఉన్న ఆడవాళ్ళకు చేసి, దవాఖాన వరండా అదిరిపోయేలా అరిచింది. "కర్రలు ఆడ పారెయ్యిన్రి! ఇంటింటికి పోన్రి. చేతులు వణికేటోళ్ళు, లేనియి కండ్ల ముంగట కనవడేటోళ్ళు ఎవరుంటే వాళ్ళను ఆటోలెక్కియ్యిన్రి. ఎవలకు జుర్మానా లేదని చెప్పున్రి. తలుపు తియ్యకుంటే పలగ్గొట్టున్రి, నేను జూస్కుంట!"

సాయంత్రం లోపల ఒక్కొక్కటిగా ఆటోలు వచ్చాయి. ఆఖరికి ధాన్యం తోలే ట్రాలీ కూడా వచ్చింది. వార్డు మా ఊరి వాళ్ళతో నిండింది. మొన్న రోడ్డు మీద వేసుకున్న కాపలా వంతులనే ఇప్పుడు మంచాల దగ్గర వేసుకున్నారు ఆడవాళ్ళు. తడిగుడ్డతో మొహాలు తుడుస్తూ, పలుకరిస్తూ, మధ్యమధ్య తిడుతూ. "గిదేందే, మన గ్రామసభ గిక్కడ పెట్టినట్టున్నది," అని ఒకామె అంటే ఏడుస్తున్న వాళ్ళు కూడా నవ్వారు. అందరూ బతికి బయటపడ్డారు. ఒకాయన తేరుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

నాయిన కళ్ళు తెరిచి తన తల్లిని చూసి, "అవ్వా, ఆకలైతంది," అన్నప్పుడు నాయనమ్మ బయటికి వెళ్ళి మోరీలో సీసా వంచేసి వచ్చింది. ఖాళీ సీసా మాత్రం పారెయ్యలేదు. "సీసా ఏం పాపం జేసింది?" అంది. ఇప్పటికీ ఆమె తలకు రాసుకునే కొబ్బరినూనె దాంట్లోనే ఉంటుంది.

బంద్ పనిచేసిందా అంటే, ఉన్నదున్నట్టు చెబుతాను. తొర్రూరు వెళ్ళి తాగొచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒక అరుగు మీద మళ్ళీ పెట్టెలు దిగితే మళ్ళీ వెళ్ళి మూయించారు. నాయిన కూడా ఒకసారి మాట తప్పి తాగాడు. ఎవరూ చూడలేదు, తనే వచ్చి అమ్మకు చెప్పి, మర్నాడు మానుకోట బస్సెక్కాడు. మళ్ళీ తాగలేదు. కానీ పొద్దున్నే గుమ్మం దిగగానే మందు చేతికి తగలడం మా ఊళ్ళో పోయింది. ఆ బంద్ లేకపోతే దవాఖాన నుంచి వచ్చిన మొదటి వారం కూడా నాయిన నిలబడేవాడు కాదని ఆయనే అంటాడు.

పోయిన నెల భూపాలపల్లి వైపు, మొగుళ్లపల్లి దగ్గరి ఊరి ఆడవాళ్ళు అమ్మను పిలిచారు. వాళ్ళూ బంద్ పెడతారట. నేనూ, నాయినా వెంట వెళ్ళాం. డప్పు సిద్ధంగా ఉంది. మా అమ్మ లేచి, "డప్పు జర పక్కకు వెట్టున్రి. ముందు దవాఖానోళ్ళతోని మాట్లాడాలె. మొదలు చెప్పున్రి, పొద్దుగాల ఎవరింట్ల చేతులు వణుకుతయి?" అంది.

ఒక్క చెయ్యి లేవలేదు. అందరూ నేల చూపులే. నాకు తెలిసిపోయింది, వీళ్ళు నోరు విప్పకపోతే మా ఊళ్ళో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. అమ్మ మళ్ళీ అడిగింది.

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న నాయిన లేచాడు. నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. చాయ్ పోస్తున్న ఆమె దగ్గరికి వెళ్ళి, "అంచుదాక పొయ్యి అక్కా," అన్నాడు. ఆ నిండు గ్లాసును పట్టుకుని అంతమంది ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చి ముందు నిలబడ్డాడు.

"నా చేతులు వణికేటియి. గిలాస వట్టరాకపోయేది. మా ఇంటామె దాసిపెట్టలే, దవాఖానకు తీస్కపోయింది. గిప్పుడు సూడున్రి," అన్నాడు.

అందరూ ఆ గ్లాసునే చూశారు. మా అమ్మ కూడా, ఎన్నడూ చూడనట్టు. మూడో వరసలో ఒకామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చెయ్యెత్తింది. నాయిన ఆ గ్లాసు తీసుకెళ్ళి ఆమెకే ఇచ్చాడు.