నా సాక్ష్యమంతా మిరపకాయ కారమే

గురజాల పక్కన మా పల్లెలో, నా చిన్నప్పుడు... మిరపకళ్లంలో దిగితే పొద్దుగూకే దాకా తాలుకాయలు ఏరడమే పని. ఎర్రటి రాశి ముందు గొంతుక్కూర్చుని, తెల్లగా పాలిపోయిన కాయల్ని ఏరి పక్కన పడేయాలి. ఇంటికొచ్చి చేతులు బూడిదతో తోమినా, మజ్జిగతో కడిగినా... ఆ మంట తెల్లారే దాకా వదిలేది కాదు.

ఎనభైల నాటి మాట. నాకు పదిహేనేళ్లు. నాలుగో తరగతితోనే బడి మానేశాను. నలుగురిలో మాట్లాడాలంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. మా చర్చి గుడిలో కూడా చివరి చాప మీద గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి... ఎవరి కంటా పడకూడదని.

ఆ రోజు, గుడ్‌ఫ్రైడేకి ముందొచ్చే శ్రమదినాల్లో ఒక శుక్రవారం ప్రార్థన. కళ్లం నుంచి నేరుగా గుడికొచ్చాను. మా పాస్టరు అయ్యగారు సిలువ గురించి చెబుతున్నారు. నుదుటి చెమట కంట్లోకి జారింది... చేత్తో తుడిచాను. అంతే.

రెండు కళ్లూ నిప్పులయ్యాయి. తుడిచేకొద్దీ ఇంకా మంట. ముక్కు కారుతోంది, వెక్కిళ్లు వస్తున్నాయి... బయటికి పరిగెత్తాలంటే ఆడవాళ్ల మధ్యలోంచి వెళ్లాలి. సిగ్గేసి, మోకాళ్ల మీద పడి తల నేలకు ఆనించేశాను.

అయ్యగారు వాక్యం ఆపేసి వచ్చి నా తలమీద చెయ్యి పెట్టారు.

"వాక్యానికి కరిగావా ఏసోబూ" అన్నారు.

గుడంతా స్తోత్రం చెప్పింది. కాదండీ అందామంటే గొంతులో కూడా కారమే. తలెత్తేసరికి అవతల మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది... సంతోషంతో.

మంచి శుక్రవారం, అదే గుడ్‌ఫ్రైడే నాడు నేను సాక్ష్యం చెప్పాలని అక్కడే తేల్చేశారు. దేవుడు నన్ను ఎలా మార్చాడో అందరి ముందూ నిలబడి చెప్పాలన్నమాట. ఆ రోజు చుట్టుపక్కల నాలుగూళ్ల సంఘాలు మా గుడికే వస్తాయి.

ఇక చూడండి నా అవస్థ... ఇంటికెళ్లి అమ్మతో అది మిరపకాయ మంటే అన్నాను. సిగ్గుతో అట్టా అంటున్నావులే అని ఇంకో ముద్ద పెట్టింది. మర్నాడు ధైర్యం చేసి అయ్యగారింటికి వెళ్లి చెప్పాను. మంచి పని మొదలయ్యేటప్పుడే సాతాను ఇలాంటి అనుమానాలు పెడతాడని, నన్ను కూర్చోబెట్టి గంటసేపు ప్రార్థన చేసి పంపారు.

కళ్లంలో కుర్రాళ్లు మాత్రం ఊరుకుంటారా... "ఒరేయ్ కన్నీళ్ల ఏసోబూ, మా వంతు కూడా కాస్త ఏడ్చిపెట్టరా" అనేవాళ్లు. ఎంత ఒళ్లు మండేదో. నోరు తెరిచి చెప్పిన నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు... నేను అననే అనని అబద్ధాన్ని ఊరంతా నమ్మింది.

దానికితోడు భయం ఒకటి. దేవుడి ముందు అబద్ధమాడి అక్కడికక్కడే పడి చచ్చిపోయిన మొగుడూ పెళ్లాల కథ ఆదివారం బళ్లో విన్నాను. అబద్ధం చెబితే నా గతీ అంతే అనిపించేది. నిజం చెబితే... నాలుగూళ్ల జనంలో మా అమ్మ తల ఎక్కడ పెట్టుకోవాలి?

మంచి శుక్రవారం పొద్దున మా నాయనమ్మ, ముద్ద ఎందుకు దిగటం లేదురా అని అడిగింది. అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. ఆమె చేతులూ మిరపకాయలు ఏరీ ఏరీ ఎర్రబారి ఉన్నాయి.

"దేవుడికి తెలవందా ఏంది? ఉన్నది చెప్పి కూకోరా అయ్యా" అంది.

గుడి నిండిపోయింది. కిటికీల దగ్గర కూడా జనం. అయ్యగారు పేరు పిలిచారు. లేచాను. అమ్మ వైపు చూడకుండా, కింద చాపను చూస్తూ చెప్పాను.

"ఆ రోజు నేను ఏడవలేదండీ. మిరపకాయల చేత్తో కళ్లు తుడుచుకున్నా. అంతేనండీ."

పడి చచ్చిపోతానేమోనని కాసేపు చూశాను... చావలేదు. చచ్చిపోయినా బాగుండేది అనిపించింది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి నాయనమ్మ లేచింది.

"నాదీ అదేరా అయ్యా. నెల రోజుల నుంచి నా ఏడుపంతా మిరపకాయే."

ముందు నవ్వింది మా అమ్మ. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆమె పక్కన ఇంకొకావిడ, తర్వాత మొగవాళ్లు... కిటికీల దాకా నవ్వు పాకిపోయింది. అందరివీ మిరప చేతులే కదా మరి. అయ్యగారు కండువాలో మొహం దాచుకున్నారు. భుజాలు ఊగుతున్నాయి.

"నా వాక్యానికి కరుగుతున్నారని మురిసిపోతిని గదరా" అన్నారు చివరికి. నన్ను దగ్గరికి పిలిచి, ఇదే సాక్ష్యం, కూర్చో అన్నారు.

అయినా పేరు పోలేదు లెండి... కన్నీళ్ల ఏసోబు పోయి మిరపకాయ ఏసోబు వచ్చాడు. నా పెళ్లిలో కూడా అదే పిలుపు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత్తర్వాత వాళ్లకంటే ముందు నేనే అనేసి నవ్వడం నేర్చుకున్నాను. దేవుడు విని కూడా ఊరుకున్నాడు కదా, వీళ్లదేముంది అని.

ఇప్పుడు గుడి పెద్దదైంది. మైకులు, కుర్చీలు, గోడకు టీవీ... మిరపకాయలు ఏరి నేరుగా వచ్చేవాళ్లు తక్కువ. సాక్ష్యాలు చానా బాగా చెబుతున్నారు, బాగా ఏడుస్తున్నారు కూడా. నేను మాత్రం పాత అలవాటుగా ముందు వాళ్ల చేతులు చూస్తాను.

మొన్న ఒక పిల్లాడు మైకు దగ్గర మాట తడబడి ఆగిపోయాడు. జనం ఫోన్లెత్తి వీడియో తీశారు... ఒక్కరూ లేచి నాదీ అదేరా అనలేదు. చిరాకేసింది. నేనన్నా లేవాల్సింది... పాత సిగ్గు, లేవలేకపోయాను. నాయనమ్మ ఉంటే లేచేది.

అందుకే ఇక్కడ రాస్తున్నా. నిండు సభలో మీ పరువు పోయిన రోజు ఏదన్నా ఉంటే కింద చెప్పండి... నాదీ అదే అని ఈసారి నేనంటాను.