గురజాల మోటార్ల కొట్లో విన్న గొంతు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నరసరావుపేటలో మా నాన్న కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేస్తాడు. చుట్టాలెవరైనా ఇంటికొచ్చి జిన్నుల, దయ్యాల కథలు మొదలుపెడితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. కనపడకుండా ప్రాణం తీసేది కరెంటు ఒక్కటే, దానికి భయపడితే చాలు అనేవాడు. నాదీ అదే బుద్ధి. అందుకే ఇది చెప్పడానికి నాకు మొహమాటంగా ఉంది.

డిగ్రీ అయ్యాక నేను కంప్యూటర్ల పనిలో పడ్డాను. చిన్న చిన్న కొట్లవాళ్లకు పాత కంప్యూటర్లలోనే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసి, దానిమీద ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ బిజినెస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇస్తాను. సరుకెంతుంది, ఏం అమ్మారు, బిల్లులు, జీఎస్టీ అన్నీ అందులోనే ఉంటాయి. నేర్పించే ఓపిక ఉంటే నమ్మకమైన పని.

గురజాలలో శ్రీనివాసరావు అన్నకు మోటార్లు, డ్రిప్పు పైపుల కొట్టు ఉంది. ఆయన కొట్టుకొచ్చే పాడైన మోటార్లు మా నాన్న దగ్గరికే వస్తాయి. ఆ పరిచయంతోనే నన్ను పిలిచాడు. కొట్టు లెక్కలన్నీ చూసే ఆయన చెల్లెలు సుజాత జబ్బు చేసి గుంటూరు ఆసుపత్రిలో పోయింది. ఆమె పోయాక పాత బిల్లింగ్ ప్రోగ్రాం ఎవరికీ అంతుబట్టక, కంప్యూటర్ కూడా మొరాయించడంతో, కొత్తగా మొదలుపెడదామన్నాడు.

నేను వెళ్లింది మధ్యాహ్నం పూట. డిస్కు మొత్తం చెరిపేసి వేయాల్సి ఉంటుందని ముందే చెప్పాను. ఇందులో దాచుకోవాల్సినవి ఏమన్నా ఉన్నాయా అన్నా అని అడిగాను.

"పాత లెక్కలేగా, అయ్యి తీసి పెట్టా. ఇంకేం లేవు. కొట్టెయ్."

గోడవారగా కుర్చీలో వాళ్లమ్మ కూర్చుని ఉంది. పేరు నరసమ్మ. చూపు బాగా తక్కువ. నేను పెద్దమ్మా అని పలకరిస్తే చెయ్యి గాల్లో తడిమి నా మణికట్టు పట్టుకుంది. ఆమె అక్కడ ఎందుకు కూర్చుందో నేను అడగలేదు. డిస్కులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని కంప్యూటర్ తెర మీద ప్రశ్న వచ్చింది. సరేనన్నాను. పెద్దమ్మ అక్కడే ఉంది.

లినక్స్ ఎక్కింది, సాఫ్ట్‌వేర్ ఎక్కింది, డేటాబేస్ తయారైంది. నేను పైపుల సైజులు ఎక్కిస్తుండగా అన్న భార్య లక్ష్మి వదిన ఇంటి నుంచి అన్నం తిని వచ్చింది. తెర మీద కొత్త రంగులు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"సుజాత మాటలు యాడున్నయ్ అమ్మాయ్?"

అప్పుడు తెలిసింది. పెద్దమ్మకు కళ్లలో నీటికాసులు, అదే గ్లకోమా. రోజూ కంట్లో చుక్కలు పడకపోతే ఉన్న చూపు కూడా పోతుంది. ఆ చుక్కలు ఎప్పుడూ సుజాతే వేసేది. ఆసుపత్రిలో చేరడానికి వెళ్లేముందు, తాను తిరిగొచ్చేదాకా తల్లి మానెయ్యకుండా, ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఎలా వేసుకోవాలో మాటలు రికార్డు చేసి పెట్టింది. తిరిగి రాలేదు. అప్పటి నుంచి రోజూ అన్న భోజనానికి వెళ్లిన వేళ వదిన అది పెట్టేది, పెద్దమ్మ వింటూ చుక్కలు వేసుకునేది. అన్నకు ఆ సంగతే తెలియదు. వదిన దాన్ని తన ఫోన్లోకి ఎక్కించుకోలేదు. కొట్లో ఉన్నది ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

పోయిన ఫైళ్లను వెతికి తీసే సాధనాలు ఉంటాయి. డిస్కును ఇంటికి తెచ్చుకుని నాకు తెలిసినవన్నీ ప్రయత్నించాను. ఆ చోట్లోనే కొత్త సిస్టం వచ్చి కూర్చుంది. పనికొచ్చేది ఒక్క ముక్క కూడా దొరకలేదు. డిస్కు మళ్లీ బిగించి వచ్చేటప్పుడు అన్న నా మొహం చూడలేదు. తప్పు నీది కాదులే, నేనేగా చెప్పింది అన్నాడు. అది విన్నాక ఇంకా బరువైంది. నేను అడిగాను, నిజమే. అడగాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే వేరేవాళ్లను అడిగాను.

తర్వాత వదిన ఫోన్ చేసింది. పెద్దమ్మ చుక్కలు వేయించుకోవడం లేదట. ఎవరు చెయ్యి వేసినా తోసేస్తోందట. కంప్యూటర్ బాగుచేయిస్తున్నారు, వచ్చేస్తది అని చెప్పి నెట్టుకొస్తున్నారు.

"నీ గొంతు కూడా కాస్త బొంగురే గదా, అమ్మాయ్. సుజాత గొంతూ అట్టాగే ఉండేది. నాకు గుర్తున్నయ్ చెబుతా, నువ్వు చెప్పి పెట్టు. కళ్లు పోతయ్ లేకపోతే."

కాదన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాదనడానికి నాకేం హక్కుంది అనిపించింది. మర్నాడు వదిన ఫోన్లో చెబుతుంటే రాసుకుని, తలుపు వేసుకుని రికార్డు చేశాను. అమ్మా, తల వెనక్కి వాల్చు. ముందు కుడి కన్ను. రెప్ప కిందికి లాగు. ఒక్క చుక్కే. మూసుకో, నలపమాక. ఇప్పుడు ఎడమది. అంతే.

బయటికొచ్చేసరికి నాన్న గుమ్మం దగ్గర ఉన్నాడు. విన్నాడు. ఎందుకో చెప్పాను. పోయినవాళ్ల గొంతు అరువు తెచ్చుకోకూడదమ్మా అని మాత్రం అన్నాడు.

రోజూ ఆ వేళకు దానంతట అదే మోగేలా కంప్యూటర్‌కు రాసిపెట్టాను. మొదటిరోజు నేనూ కొట్లోనే ఉన్నాను, సరుకు ఎక్కిస్తున్నట్టు తల దించుకుని. నా గొంతు మొదలవగానే పెద్దమ్మ కాసేపు కదలలేదు. తర్వాత తల వెనక్కి వాల్చి చుక్కలు వేసుకుంది. వదిన పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం దొంగతనం చేసినట్టుంది.

కొన్ని వారాలు అలాగే నడిచింది. కొట్టు పని బాగా సాగుతోందని, స్టాకు ఒక్క చూపులో తెలిసిపోతోందని అన్న మెచ్చుకునేవాడు. నేను ఆ వేళకు ఎక్కడున్నా, ఇప్పుడు గురజాలలో నా గొంతు ఒక ముసలామెను అమ్మా అని పిలుస్తుంటుంది అని గుర్తొచ్చేది. అన్నం సహించేది కాదు. చివరికి, తీసేసి నిజం చెప్పేద్దామని బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి వదిన బ్యాంకుకు వెళ్లింది. అన్న భోజనానికి వెళుతూ కాసేపు కొట్టు చూడమన్నాడు. లోపల పెద్దమ్మ, నేను, అంతే. ముందు కంప్యూటర్‌కు రాసిపెట్టిన ఆదేశం తీసేశాను. తర్వాత నా రికార్డు చెరిపేశాను. ఫోల్డరు ఖాళీగా ఉండటం నా కళ్లతో చూశాను. లేచి వెళ్లి ఆమె ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. పెద్దమ్మా, నీకొక మాట చెప్పాలి అన్నాను.

అప్పుడు స్పీకర్లోంచి గొంతు వచ్చింది.

"అమ్మా, ఫ్యాను కింద నుంచి పక్కకు జరుగు. చుక్క ఆరిపోద్ది."

పెద్దమ్మ కుర్చీ పక్కకు జరుపుకుంది. ఆ గొంతు తొందర లేకుండా, మధ్యలో ఒకసారి దగ్గి, మిగతా మాటలు చెప్పింది. ఆమె ఎడమ కన్ను మూసుకునేదాకా ఆగి, "నలపమాక" అంది. నా గొంతుకు దగ్గరగానే ఉంది. కానీ నాది కాదు. ఫ్యాను మాట నేను రికార్డు చేయలేదు. దగ్గలేదు.

లేచి తెర దగ్గరికి వెళ్లే ధైర్యం నాకు వెంటనే రాలేదు. వెళ్లి చూస్తే సరుకు పేజీయే ఉంది. పాటలు మోగించే ప్రోగ్రాం తెరిచి లేదు. వెనక్కి వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, పెద్దమ్మా, ఇన్నాళ్లూ చెప్పింది నేను, నన్ను క్షమించు అని ఏడ్చేశాను.

ఆమె కళ్లు మూసుకునే ఉంది. బుగ్గ మీదికి జారిన చుక్కను వేలితో తుడుచుకుంది.

"తెలుసులేమ్మా. నా బిడ్డ గొంతు నాకు తెలవదా? అంత కష్టపడి చెబుతున్నావు గదా, నిన్ను చిన్నబుచ్చటం ఎందుకని ఏసుకున్నా."

చుక్కల సీసా మూత బిగిస్తూ, "ఇయ్యాల మాత్రం నువ్వు కాదు" అంది.

వదిన బ్యాంకు నుంచి వచ్చాక, సుజాత రికార్డులో ఫ్యాను గురించి ఏమన్నా ఉందా అని అడిగాను. ఇంకేం చెప్పలేదు. ఆమె గల్లాపెట్టె పట్టుకుని నిలబడిపోయింది. మొట్టమొదటి మాట అదేనంట. నాకు చెప్పేటప్పుడు మర్చిపోయిందంట. నీకెవరు చెప్పారు అని అడిగింది.

ఆ సాయంత్రం కంప్యూటర్ మొత్తం వెతికాను. ఏ ప్రోగ్రాం ఎప్పుడు నడిచిందో లినక్స్ రాసి పెట్టుకుంటుంది. ఆ వేళకు శబ్దం వినిపించినట్టు అందులో ఎక్కడా లేదు. ఆ కొట్లోకి ఇంకెవరూ రాలేదు. ఆ మాటలు నేను అంతకుముందు ఎక్కడా వినలేదు. నేను పడ్డ బాధ వల్ల నాకు అలా అనిపించింది అనుకుందామంటే, పెద్దమ్మ కుర్చీ జరిపింది కదా.

మళ్లీ ఆ గొంతు వినపడలేదు. ఇప్పుడు పెద్దమ్మ ఎవరూ చెప్పకుండానే తనంతట తాను చుక్కలు వేసుకుంటోంది. ఉన్న చూపు నిలిచిందని డాక్టరు చెప్పాడట. నిజానికి అది నాకు ఊరటే కావాలి. కాలేదు. సుజాత నామీద జాలిపడిందో, నువ్వు చేసిన పని చాలు, లెమ్మని నన్ను పక్కకు జరిపిందో తెలియదు.

శ్రీనివాసరావు అన్న ఇప్పుడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లడం మానేశాడు. క్యారేజీ కొట్టుకే తెప్పించుకుని, స్టాకు చూస్తున్నట్టు కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. చెల్లెలి మాటలు ఆ ఇంట్లో ఆయనొక్కడే వినలేదు. ఆ రోజు వినపడిన గొంతు సంగతి పెద్దమ్మే ఆయనకు చెప్పిందట. నేను వెళ్లినప్పుడల్లా, వదిన లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతాడు.

"మళ్లీ ఇనపడిద్దంటావా అమ్మాయ్?"