అన్న అని అచ్చయిన పేరు

మనుషుల ఉత్తరాలు చదవడానికి జీతమిస్తారని ముందే తెలిసుంటే, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఆఫీసులో నాలుగేళ్ళు టైపు కొట్టుకుంటూ కూర్చునేదాన్నే కాదు.

మా ఐయా, అంటే నా యజమాని, రాజకీయ నాయకుడు. ఇల్లు కోవిల్‌పట్టిలో, జనాన్ని కలిసే ఆఫీసు విరుదునగర్‌లో. పాలు, కూరగాయలు, బీరువా తాళాలు, వచ్చినవాళ్ళలో ఎవరికి కాఫీ, ఎవరికి మజ్జిగ అన్నది నేను చూసుకోవాలి. ఉత్తరాలూ నావే. నన్ను పనిలో పెట్టుకున్నది ఐయా కాదు, ఆయన భార్య. ఆమెను అమ్మ అనే పిలుస్తాను. మా ఇళ్ళలో వీధిలోకి వెళితే అరవం, గడప లోపల తెలుగు. "ఇంటి మాట తెలిసిన పిల్ల గదా, ఉండనీ" అంది అమ్మ. అంతే, అదే నా ఇంటర్వ్యూ.

రోజూ కట్టలకొద్దీ పత్రికలు వచ్చేవి. నాలుగు మూలలా పసుపు రాసినవి పెళ్ళివి, లోపలికి తీసుకెళ్ళొచ్చు. నల్ల మూలలున్నవి చావువి. అవి మా వాళ్ళలో గడప దాటకూడదు. వరండాలోనే చదివి, చించి, అక్కడే పారెయ్యాలి. పేరూ ఊరూ రాసుకుని ఆ రోజే ఐయా తరఫున సంతాపం ఉత్తరం పంపాలి. ఉత్తరం తయారుగా ఉండేది, పేరు మారిస్తే చాలు. సంతకానికి రబ్బరు ముద్ర ఉంది. నిజం చెప్పాలంటే ఐయాలాగా రాయడం ఐయా కంటే నాకే బాగా వచ్చు.

నాకు ఆరా జాస్తి. చించే ముందు చావు పత్రికను చివరి అక్షరందాకా చదవకపోతే నిద్ర పట్టదు. కొడుకుల్లో ఎవరి పేరు ముందుంది, ఏ అల్లుడి పేరు ఎగిరిపోయింది అని చూస్తే ఆ ఇంటి తగువులన్నీ తెలిసిపోతాయి. "చదివేదానికి ఏముండాది దాంట్లో? చించి పడెయ్యి" అని అమ్మ కసిరేది. నేను వింటానా!

అరవవాళ్ళ ఆవణి నెల, పెళ్ళి ముహూర్తాల రద్దీ. ఆ రోజు మాత్రం ముందు ఉత్తరాలు పోస్టుకిచ్చేసి, తీరిగ్గా చించుదామని కూర్చున్నాను. వత్రాప్ నుంచి వచ్చిన పత్రిక తీశాను. చనిపోయినాయన ఎవరో రైతు. కింద ఆయన భార్య పుట్టింటి వైపు "అన్న" అని ఉంది. ఆ పక్కన మా ఐయా పేరు, ఇంటిపేరు అక్షరంతో సహా!

"అమ్మా, ఐయాకి చెల్లెలు ఉండాదా?"

చిన్నుల్లిపాయలు ఒలుస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. "ఆ ఊరి మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు" అంది. ఎత్తొద్దన్న మనిషే కాసేపటికి మొత్తం చెప్పింది. ఏళ్ళ కిందట ఆ చెల్లెలు ఈ ఇంటికొస్తే, గేటు దగ్గరి కొత్త కాపలావాడు ఆమె ఎవరో తెలియక పంపేశాడు. ఆమె రోషంతో విరుదునగర్ వెళ్ళి, అర్జీలిచ్చేవాళ్ళ వరసలో నిలబడింది. తమ ఊరికి బస్సు కావాలని రెండు ముక్కలు రాసి అన్న చేతికిచ్చింది. ఆయన కాగితం చూసి, "సరేమ్మా, చూస్తాం" అని పక్కవాడికి అందించారు.

"తలెత్తి చూడలా, పాపా. అంతే, మళ్ళా ఆమె రాలా. పేరు చూసి ఈయనకు సాయంత్రం తెలిసె. సిగ్గు కోపమాయె. అన్న దగ్గరికి అర్జీ తెస్తుందా అని ఎగిరె."

ఆ చెల్లెలికి నేనప్పటికే ఉత్తరం పంపేశాను. 'గౌరవనీయులైన అమ్మగారికి, మీ కుటుంబానికి కలిగిన తీరని లోటు' అని, ముద్ర కొట్టి మరీ!

మర్నాడు విరుదునగర్ వెళ్తూ కారులో ఒప్పేసుకున్నాను. ఐయా కిటికీలోంచి చూస్తూ విన్నారు.

"పత్రిక ఏది?"

"చించేస్తిని ఐయా."

"పదారో దినం ఎప్పుడు?"

"పై బేస్తవారం."

"ఒక చీర కొనుక్కోని నువ్వే పొయ్యి ఇచ్చిరా."

ఆడదానికి మొగుడు పోతే, పదహారో రోజున పుట్టింటి నుంచి కొత్త చీర రావాలి. అది వచ్చేదాకా ఆమెను కూర్చున్న చోటి నుంచి లేపరు. రాలేదా, ఇక ఆమెకు పుట్టిల్లు లేదనే ఊరు అనుకుంటుంది. అలాంటి చీర నేను తీసుకెళ్ళాలా? ఒళ్ళు మండింది.

"మీ సంతకం నేను పెడతా ఐయా. మీ చెయ్యి నేను కాలేను" అనేశాను. ఆయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

నాలుగు రోజులకు నా ఉత్తరం తిరిగొచ్చింది. వాళ్ళు విప్పి, చదివి, ఇంకో కవరులో పెట్టి పంపారు. ఒక్క ముక్క కూడా రాయలేదు. దాన్ని ఐయా బల్లమీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇట్లనా రాసేది మనం?"

"అందరికీ ఇట్లనే ఐయా."

బేస్తవారం పొద్దున అమ్మ ఒక సంచి తెచ్చి కారు వెనక సీట్లో పెట్టింది. లోపల గోధుమరంగు నేత చీర. నావైపు చూడకుండా లోపలికెళ్ళిపోయింది. ఐయా విరుదునగర్‌లో మామూలుగానే అర్జీలు తీసుకోసాగారు. పది అయింది, పదకొండు అయింది. అప్పుడు, ఇంకా వరస సగం ఉండగానే లేచారు.

"వత్రాప్‌కి పోదాము" అన్నారు.

మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చెల్లెలు వాకిట్లో పీటమీద కూర్చుని ఉంది, చుట్టూ ఆడవాళ్ళు. ఎవరికీ భోజనాలు కాలేదు. జనం లేచి దారిచ్చారు, ఎవరో కుర్చీ తెచ్చారు. ఐయా కూర్చోలేదు. చీర మడత విప్పి, రెండు చేతులతో ఆమె భుజాల చుట్టూ కప్పి, ఒకడుగు వెనక్కి వేసి దండం పెట్టారు. ఫోటో తీసేవాళ్ళు ఉన్నారన్నట్టు ఓ పక్కకి కాస్త తిరిగారు కూడా. వేల శాలువాలు కప్పిన చేతులు కదా, అలవాటు.

నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది.

చెల్లెలు తలెత్తింది. "నెత్తిన కప్పేది అన్నా. ఇది మీటింగు కాదు" అంది మెల్లగా.

ఐయా వంగి, చీర అంచు పట్టుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆమెనే చూశారు. ఆమే ఆయన మణికట్లు పట్టుకుని తన తలమీదికి తెచ్చుకుంది. చీర కప్పాక కూడా ఆయన చేతులు తియ్యలేదు. అప్పుడామె బావురుమంది. పదహారు రోజుల్లో ఆమె ఏడవడం అదే మొదలని నా పక్కనున్న ముసలమ్మ చెప్పింది.